ఇప్పచెట్టు కింది ఈలపిట్ట

వంగిన నడుము ఎత్తకుండానే కట్టమ్మ ఎండుటాకుల్ని చేత్తో పక్కకు జరిపి, ఇప్పపువ్వు ఏరి గంపలో వేస్తోంది. కొత్తగూడ గుట్టల్లో మిగతావాళ్లంతా చెట్టు కింది ఆకులకు నిప్పు పెట్టి, నేల నున్నగా చేసుకుని, పొద్దెక్కకముందే గంపలు నింపుకుని పోతారు. ఈమె మాత్రం ఈసారి నిప్పు పెట్టలేదు. చెట్టు పక్కనే నడుమెత్తు మోడు ఉంది. దాని తొర్రలో ఈలపిట్ట పిల్లల్ని చేసింది.

అబ్బ, ఎంత సిగ్గుపిట్ట అది! నల్లటి వీపు, ఇటుకరంగు పొట్ట, పొడుగాటి తోక. కోనలో నీడ ఉన్నచోటే తిరుగుతుంది, ఎండలోకి రానే రాదు. తెల్లవారుజామున మగపిట్ట గొంతు విప్పిందంటే గుట్టంతా వినాల్సిందే. మనిషి అలికిడైతే చాలు, గప్‌చుప్. ఆడపిట్ట మరీను. ఎవరు దగ్గరికొచ్చినా ఎగరదు, తొర్రలో అణిగి కూర్చుంటుంది. కదలకపోతే ఎవరికీ కనబడనని దాని ధీమా.

కట్టమ్మా అంతే. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె గొంతు పక్కింటికి వినబడింది లేదు. ఎన్నో ఏళ్ల కింద తన ఆడపిల్లకు జ్వరమొస్తే దవాఖానలో వరుసలో నిలబడింది. ముందుకు పోయి "జర చూడు సారూ" అని ఒక్కమాట అంటే ఏం పోయేది? నోరు రాలేదు. వరుస కదిలేలోపు ఒళ్లోనే పిల్ల పానం పోయింది.

పిట్ట సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు. ఆ నోటా ఈ నోటా పాకి, ఎవరో ఒకరు గులేరు పట్టుకుని పిట్టను కొట్టడానికి వస్తారని భయం.

మధ్యాహ్నం వాకిట్లో పువ్వు ఆరబోసి నడుం వాల్చింది. లేచేసరికి కోడలు రజిత చేతులు కడుక్కుంటోంది. మోచేతుల దాకా మసి.

"గా మసి ఏంది బిడ్డా?"

"నీ చెట్టుకింద ఆకు కాలవెట్టి వచ్చిన అత్తా. మోకాళ్లు వట్టుకొని రోజూ ఎంత గోస వడుతున్నవ్! రేపు నిమ్మలంగ ఏరుకుందువు తియ్యి," అంది రజిత సంబురంగా.

కట్టమ్మ చెప్పులైనా వేసుకోకుండా ఉరికింది. ఏమైందో తెలియక రజిత వెనకే ఉరికింది.

చెట్టు కింద నేల నల్లగా, ఇంకా వేడిగా ఉంది. మోడు ఒక పక్కన కాలింది. కట్టమ్మ తొర్రలోకి తొంగిచూసింది. ఆడపిట్ట ఎగిరిపోలేదు. పిల్లల మీద రెక్కలు పరిచి, అలాగే అణిగి, పొగకు ఉక్కిరిబిక్కిరై చచ్చిపోయింది. రెక్కల కింద పిల్లలూ అంతే.

"అయ్యో! పిట్ట ఉన్నదని ఒక్కమాట చెప్తే నేనెందుకు అంటువెడుదు అత్తా?"

పాపం, రజిత తప్పేముంది? కట్టమ్మ బూడిదలోనే కూలబడింది.

"చెప్పాల్సుండె బిడ్డా... నోరు తెరిచి చెప్పాల్సుండె," అని గుండె బాదుకుని ఏడ్చింది. ఎన్నేళ్ల ఏడుపో అది, ఒక పట్టాన ఆగలేదు.

ఆమె ఏడుపు సద్దుమణిగాక మగపిట్ట ముక్కున మేతతో వచ్చింది. మనుషులున్నా బెదరకుండా మోడు మీద వాలింది. సన్నగా పిలిచింది, మళ్లీ పిలిచింది. లోపల ఒక్క నోరూ తెరుచుకోలేదు. కాసేపు అటూ ఇటూ గెంతి, గుట్ట అవతలికి ఎగిరిపోయింది.

తొర్ర అంచున అది వదిలిపోయిన పచ్చమిడత ఒకటి, ఇంకా కాళ్లు కొట్టుకుంటోంది.