పోస్టర్ మీది కుక్క

తన సినిమా పోస్టర్‌ను మొదటిసారి చూసినప్పుడు లియాన్ థ్రెల్ఫాల్, ఇంకెవరి సినిమాదో పొరపాటున చూపిస్తున్నారనుకుంది.

నీలాకాశం కింద ఇసుక మీద ఒక ఎర్ర పడవ. దాని అంచున కూర్చుని పసుపు రంగు రబ్బరు బూట్లు ఊపుకుంటూ ఒక ముసలాయన పగలబడి నవ్వుతున్నాడు. పక్కన నాలుక బయటపెట్టిన తెల్ల కుక్కపిల్ల. పైన పెద్ద అక్షరాలతో ‘వాల్టర్ పడవ’ అని ఉంది.

“ఈ కుక్క ఎక్కడిది?” అంది లియాన్.

“ముద్దుగా ఉంది కదూ?” అంది ఫెనెల్లా.

“నా సినిమాలో కుక్క లేదు.”

“తెలుసు. పోస్టర్‌లో ఉంది.”

ఫెనెల్లా క్రే లండన్ సోహోలోని ఒక చిన్న పంపిణీ సంస్థలో ప్రచారం చూస్తుంది. ఏ సినిమా ఏ వయసు వాళ్లను ఏ ఊళ్లో హాలుకి రప్పిస్తుందో ఆమె అంచనా వేస్తే సాధారణంగా తప్పదు. లియాన్‌కి ఇది మొదటి సినిమా. దానికి తను పెట్టుకున్న పేరు ‘ఆటు’, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళ. కొడుకు సముద్రంలోకి నడిచి వెళ్లి ప్రాణం తీసుకున్నాక, వాల్టర్ అనే జాలరి ఎవరితోనూ మాట్లాడకుండా ఏడాది పాటు ఒక పాత పడవను బాగుచేసుకుంటూ గడిపిన కథ అది. పేరు మార్చింది కానీ వాల్టర్ ఆమె తండ్రి క్లిఫే. పోయినవాడు ఆమె అన్న డారెన్.

“ట్రైలర్ కూడా చూడు, అప్పుడు తిడుదువు గానీ,” అని ఫెనెల్లా లైటు ఆర్పింది.

సినిమా మొత్తంలో నవ్వొచ్చే సన్నివేశం ఒకటే ఉంది. వాల్టరూ అతని స్నేహితుడూ పడవను తోస్తూ బురదలో జారిపడతారు. ట్రైలరంతా ఆ బురదే. వెనకాల గంతులు వేయించే సంగీతం. చివర్లో ఒక గొంతు ‘ఈ శరదృతువులో మీ ఇంటిల్లిపాదినీ నవ్వించే తాత!’ అంది.

లియాన్ లేచి లైటు వేసింది.

“ఇంటిల్లిపాదా? మనకి వచ్చింది పదిహేను సర్టిఫికెట్, ఫెనెల్లా. పదిహేనేళ్ల లోపు పిల్లల్ని లోపలికి రానివ్వరు.”

“ట్రైలర్‌కి విడిగా సర్టిఫికెట్ ఇస్తారు కదా. ఇందులో బురద తప్ప ఏముంది? ఎవరైనా చూడొచ్చని ఇచ్చారు. పిల్లల సినిమాల ముందు కూడా వేసుకోవచ్చు. పోస్టర్ మీద పదిహేను అని ఉంది చూడు, ఆ కింద మూలన. మనం దాచింది ఏమీ లేదు.”

“కుక్క తోక కింద పెట్టారు!”

“అదిగో, కనబడింది కదా!”

లియాన్ నవ్వలేదు. ఫెనెల్లా కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించింది.

“నా మాట విను. ఉన్నదున్నట్టు పోస్టర్ వేస్తే ఏమవుతుందో చెప్పనా? లండన్‌లో రెండు హాళ్లు. నల్ల చొక్కాలు వేసుకున్న కుర్రకారు వచ్చి, బయట నిలబడి నిట్టూర్చి వెళ్లిపోతారు. మీ నాన్న వయసు వాళ్లు ఆ ఛాయలకి రారు. నువ్వీ సినిమా తీసింది ఎవరి కోసం? వాళ్ల కోసమేగా! వాళ్లని గడప దాటించడం నా పని. అసలు ఆ జెట్టీ సన్నివేశం తీసేస్తే పన్నెండు సర్టిఫికెట్టే వచ్చేదేమో. తాతలు మనవల్ని వెంటబెట్టుకుని రావచ్చు. అప్పుడే చెప్పాను.”

ఆ సన్నివేశంలో వాల్టర్ తెల్లవారుజామున ఒక్కడే సముద్రంలోకి కట్టిన జెట్టీ చివరికి వెళ్లి, కొడుకు పోయిన నీళ్ల వైపు చూస్తూ చాలాసేపు నిలబడి, వెనక్కి తిరిగి వస్తాడు. ఒక్క మాట కూడా ఉండదు. అందులో తండ్రికి వచ్చిన ఆలోచన ఏమిటో చూసేవాళ్లకి తెలిసిపోతుంది. సినిమాలో లియాన్ పూర్తిగా ఊహించి రాసింది ఆ ఒక్కటే.

“దాన్ని ముట్టుకోనివ్వను,” అంది.

“ముట్టుకోవడం లేదమ్మా. సినిమా నీ ఒప్పందం ప్రకారం నీది. పోస్టర్ నాది.”

సినిమా అక్టోబరులో, బడి సెలవుల వారంలో విడుదలైంది. శనివారం మధ్యాహ్నం ఆటకి లియాన్ సొంత ఊరు ఫ్లీట్‌వుడ్‌లో తండ్రిని తీసుకుని ట్రామ్ దిగింది. క్లిఫ్ ఆ సినిమా గురించి కూతుర్ని ఎప్పుడూ ఏమీ అడగలేదు. తీస్తానన్నప్పుడు ‘నీ ఇష్టం’ అన్నాడు. తీశానన్నప్పుడు ‘మంచిది’ అన్నాడు. డారెన్ పేరు ఆ ఇంట్లో వినబడి పదిహేనేళ్లు దాటింది.

హాలు ముందు వరస వీధి మలుపు దాకా ఉంది. లియాన్ గుండె ఒక్కసారి పొంగింది. మరుక్షణం వరసలో ఉన్నవాళ్లని చూసి ఆగిపోయింది. అమ్మమ్మలు, తాతలు. వాళ్ల చేతులు పట్టుకుని పిల్లలు. ఒక పాప కుక్క బొమ్మ తెచ్చుకుంది.

గుమ్మం దగ్గర మేనేజర్ ఆర్మరాడ్ ముఖం కందగడ్డలా ఉంది.

“కుదరదు బ్రెండా గారూ, చెప్తున్నాగా. ఇది పదిహేను.”

“నేను పక్కనే కూర్చుంటానయ్యా! మనవరాలి కళ్లు మూయమంటే మూస్తాను.”

“అది పన్నెండు సర్టిఫికెట్ సినిమాలకి. దీనికి పెద్దవాళ్లు తోడున్నా లోపలికి పంపకూడదు. పంపితే నా లైసెన్సు ఊడుతుంది.”

“కుక్క సినిమాలో అంత చూడకూడనిది ఏముంది? కుక్క చచ్చిపోతుందా?”

ఆ మాట వినగానే బొమ్మ పట్టుకున్న పాప ఏడుపు లంకించుకుంది. ఆ పాపను చూసి ఇంకో ఇద్దరు. వెనకనుంచి ఒకాయన “ట్రామ్‌లో గంట నిలబడి వచ్చాం, మమ్మల్ని చూస్తే వేళాకోళంగా ఉందా?” అని అరిచాడు. ఆర్మరాడ్‌కి లియాన్ కనబడింది. అతను ఆమె వైపు తిరిగి చూశాడు. ఆ చూపుకే ఆమె తల వాలిపోయింది.

క్లిఫ్ ఇదేదీ పట్టించుకోలేదు. గోడ మీది పోస్టర్ ముందు నిలబడి ఉన్నాడు.

“అది నేనా?” అన్నాడు.

“నాన్నా, అది నేను చేయించింది కాదు...”

“మనకి కుక్క ఎప్పుడుంది?” అని, సమాధానం కోసం చూడకుండా లోపలికి నడిచాడు.

సగం మంది పిల్లలతో వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు టిక్కెట్టు వృథా చేయడం ఇష్టంలేక లోపల కూర్చున్నారు. తెర మీద నల్లని సర్టిఫికెట్ పలక పడింది. పదిహేను అంకె. దాని కింద ‘ఆత్మహత్య ప్రస్తావన’ అన్న మాటలు. హాల్లో గుసగుసలు రేగాయి. “ఏం రాశారు? నా కళ్లజోడేది?” అని ఎవరో అంటుండగానే పలక పోయి సముద్రం వచ్చింది.

బురద సన్నివేశానికి నవ్వారు. కొంచెం ఎక్కువే నవ్వారు. దాని తర్వాత ఎవరూ నవ్వలేదు. చిప్స్ పొట్లాల చప్పుడు కూడా ఆగిపోయింది.

జెట్టీ సన్నివేశం మొదలవగానే మూడో వరసలో ఒక ముసలామె లేచి నిలబడింది. ఆమెను లియాన్ గుర్తుపట్టింది. బేకరీలో పనిచేసిన ఎడ్నా పిల్లింగ్. పక్కవాళ్లు దారి ఇచ్చారు కానీ ఆమె కదల్లేదు. తెర వైపే చూస్తూ నిలబడింది. ఉన్నట్టుండి గట్టిగా అంది:

“నవ్వు సినిమా అన్నారు! మా అమ్మాయి బలవంతంగా పంపింది, ఒక్కసారైనా నవ్వి రమ్మని. నా మనవడు పోయి ఆర్నెల్లు కాలేదు. వాడూ ఇలాగే పోయాడు. ఇలాగే! నాకెవరూ చెప్పలేదేమిటి? ఎవరూ చెప్పలేదేమిటి?”

ఆర్మరాడ్ సినిమా ఆపించి లైట్లు వేయించాడు. వెలుతురులో అందరి ముఖాలూ పాలిపోయి ఉన్నాయి. లియాన్ సీటులోంచి లేవలేదు. ఆ ప్రశ్న తననే అడుగుతున్నట్టుంది. అది నేను చేయించింది కాదు అని బయట తండ్రితో అన్న మాట ఇక్కడ చెల్లదు.

లేచింది క్లిఫ్. నెమ్మదిగా మూడో వరసకి వెళ్లి, ఎడ్నా మోచెయ్యి పట్టుకున్నాడు.

“రా ఎడ్నా. బయట కూర్చుందాం.”

టిక్కెట్ల గది పక్కన ఉన్న బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. ఆర్మరాడ్ రెండు కప్పుల టీ తెచ్చి పెట్టాడు. లియాన్ వెనకే వచ్చి హాలు తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఎడ్నా చాలాసేపు ఏడ్చింది. క్లిఫ్ ఆపమనలేదు.

“ఆ ముసలాడు వెనక్కొస్తాడా?” అని చివరికి అడిగింది ఎడ్నా. “సినిమాలో.”

“ఏమో. నేనూ చూడలేదుగా,” అన్నాడు క్లిఫ్. టీ కప్పు కింద పెట్టి, “నేనైతే వచ్చాను,” అన్నాడు.

ఎడ్నా తల ఎత్తింది.

“డారెన్ పోయిన ఏడాది చలికాలం. మా ఆవిడ నిద్రపోతోంది. బూట్లు వేసుకుని జెట్టీ చివరిదాకా వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు ఇది.” అప్పుడు కూతురి వైపు తిరిగాడు. “నీకెలా తెలిసింది?”

“నాకు తెలీదు నాన్నా.” “నేను కల్పించాను. నిజంగా కల్పించాను. నువ్వలా...”

మాట పూర్తి కాలేదు. పంతొమ్మిదేళ్ల వయసులో ఆ ఇంట్లోనే, పక్క గదిలోనే పడుకుని ఉంది తను. బయటి తలుపు చప్పుడు కూడా వినలేదు. ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

ఎడ్నాని వాళ్లమ్మాయి వచ్చి తీసుకెళ్లింది. వెళ్లేముందు ఎడ్నా లియాన్ ముందు ఆగింది. “సినిమా తీసినందుకు కాదు నా కోపం, తల్లీ. చెప్పకుండా కూర్చోబెట్టినందుకు. చెప్పుంటే వచ్చేదాన్నో లేదో నేను తేల్చుకునేదాన్ని.”

హాలు బయటికి వచ్చి లియాన్ ఫెనెల్లాకి ఫోన్ చేసింది. జరిగింది చెప్పింది.

“ఆమె ఎలా ఉంది?” అంది ఫెనెల్లా.

“నువ్వే వచ్చి అడుగు.”

“లియాన్, నేను... తాతలు వస్తారనుకున్నాను. ఎలాంటి తాతలు వస్తారో ఆలోచించలేదు.”

సోమవారానికి ఆ ట్రైలర్ ఆగిపోయింది. కుక్కను తీసేసిన కొత్త పోస్టర్ వచ్చేలోపే చాలా హాళ్లు సినిమాను ఎత్తేశాయి. ఫెనెల్లా ముందే చెప్పినట్టు లండన్‌లో రెండు మిగిలాయి. ఫ్లీట్‌వుడ్‌లో మాత్రం ఆర్మరాడ్ ఇంకో వారం ఉంచాడు. టిక్కెట్ కొనేవాళ్లందరికీ తనే నోటితో చెప్పాడు: ‘ఇది కొడుకు పోయిన తండ్రి కథ. నవ్వు తక్కువ. ఆలోచించుకోండి.’ కొందరు వెనక్కి వెళ్లారు. కొందరు కొన్నారు. ఎడ్నా మళ్లీ రాలేదు.

ఫెనెల్లాకి ఫోన్ చేసిన ఆ మొదటి శనివారం సాయంత్రం తండ్రీ కూతుళ్లు ట్రామ్ ఎక్కకుండా ఒడ్డు వెంబడి నడిచారు. నీళ్లు చాలా దూరం వెనక్కి పోయి ఉన్నాయి. క్లిఫ్ వేడి బంగాళాదుంప చిప్స్ కొని, వెనిగర్ ఎక్కువ పోయించి, పొట్లం ఆమె చేతికిచ్చాడు.

“ఆ రోజు ఎందుకు వెనక్కొచ్చావు నాన్నా?”

అతను ఒక చిప్ తీసుకుని నమిలాడు.

“చలేసింది,” అన్నాడు. “అంతే. టీ తాగాలనిపించింది. నేను వచ్చేసరికి నువ్వు లేచి వంటింట్లో ఉన్నావు. ఇంత పొద్దున్నే ఎక్కడికెళ్లావని అడిగావు.”

“నువ్వేమన్నావు?”

“ఏమీ అన్లేదు. నువ్వు టీ పెట్టావు.”

లియాన్‌కి ఆ ఉదయం ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.