మెడ వంచని కొంగలు

చేపముద్దను చెక్కపలక మీదికి ఎత్తి కత్తితో నున్నగా తీర్చడం తొకియెకు ఎంత అలవాటంటే, నోరు ఎవరిని తిడుతున్నా చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. ఆ ఉదయం నోరు హిరోమిని తిడుతోంది.

"మంచాన పడ్డ మనిషికి మెడ విరిగిన కొంగల్ని పంపుతారుటే? బుద్ధుందా మీకెవరికైనా?"

బల్లకు అవతలున్న హిరోమి మొహం చిన్నబోయింది. "అందరం కూర్చుని మడిచామక్కా. కొంగన్నాక ముక్కుండాలి కదా అనుకున్నాం."

"పెళ్లికైతే పెట్టుకోండి ముక్కు. ఆసుపత్రికి మాత్రం తల వంచకూడదు. వంచితే మెడ విరిగినట్టే లెక్క. ఈ మాత్రం చెప్పే అమ్మలు లేరూ మీ ఇళ్లల్లో?"

రోగి కోలుకోవాలని మొక్కుకుని మడిచిన వెయ్యి కాగితపు కొంగలు. రంగురంగుల దండలుగా గుచ్చి, మూలన బుట్టలో సిద్ధంగా ఉన్నాయి. అన్నీ మసుయొ కోసమే. సెన్‌జాకి రేవులోని ఆ చేపముద్ద కార్ఖానాలో తొకియె, మసుయొ ఒకే బల్లకు ఎదురెదురుగా నిలబడి ముసలివాళ్లయ్యారు. ఇన్నేళ్లలో ఒక్క విషయంలోనూ ఇద్దరికీ పడలేదు. ఈమె ఎడ్డెమంటే ఆమె తెడ్డెమంటుంది. తొకియె మొగుడు ఆసుపత్రిలో ఉన్నప్పుడు చూడటానికొచ్చి, మసుయొ పూలకుండీ పట్టుకొచ్చింది! వేళ్లున్న మొక్కను రోగి పక్కన పెడితే రోగమూ వేళ్లూనుకుంటుందని పసిపిల్లకైనా తెలుసు. ఆయన పోయాడు. "ఆ పూలు చూసి నవ్వాడే పాపం" అందే తప్ప, తప్పయిందని మసుయొ ఇప్పటికీ అనలేదు. తొకియె ఆ సంగతి మరచిపోనూ లేదు, ఆమెతో స్నేహం మాననూ లేదు. ఇప్పుడు మసుయొ తిరిగి రాకపోతే, తిట్టుకోవడానికైనా తనకంటూ ఎవరూ మిగలరని ఆమె భయం.

అన్నం తినే వేళంతా ఆ కొంగల మెడలు సరిచేయడంతోనే సరిపోయింది. పని దిగాక బస్సులోనూ ఒడి నిండా అవే. ఒకసారి మడత పడ్డ కాగితం మాట వింటుందా? నిలబెట్టిన మెడ మళ్లీ వాలుతుంది. గోటితో నొక్కింది, తిట్టింది, మళ్లీ నిలబెట్టింది. ఆసుపత్రి వసారాలో కూర్చుని ఆఖరి కొంగ పూర్తి చేసేసరికి వేళ్లు మంటలెత్తిపోయాయి.

మంచం పక్కన గోడకు వేలాడదీసిన దండల్ని మసుయొ ఎగాదిగా చూసింది. మనిషి సగమైపోయింది కానీ చూపులో పొగరు తగ్గలేదు.

"తలల్లేవేంటే వీటికి?"

"ఉండకూడదు. నీకు తెలీదులే, పడుకో."

"తల లేకపోతే దారెలా చూసుకుంటుందే? ముక్కు పెట్టు."

"చచ్చినా పెట్టను."

"చచ్చేది నేనైతే నీకేంటే నొప్పి?" మసుయొ నవ్వబోయి దగ్గింది. "కొంగల్ని చూడాలనుందే నాకు. చీపురుపుల్లల్ని కాదు."

తొకియె తన సంచి అందుకుంది. "నోర్ముయ్! నీ పూలకుండీ తెలివితేటలు నాకు తెలుసు. రేపొస్తాను. వాటిని ముట్టుకున్నావో, చేతులు విరగ్గొడతా."

వెళ్లొస్తానని కూడా అనకుండా విసవిసా వెళ్లిపోయింది.

మర్నాడు వచ్చేసరికి మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. తెల్లవారుజామున నిద్రలోనే పోయారని నర్సు మెల్లగా చెప్పింది. "నిన్న సాయంత్రం మందు కూడా వేసుకోనన్నారండీ. 'పనిలో ఉన్నాను, కనపట్లేదా?' అని నన్నే కసిరారు. ఈ దండలు మీరు తీసుకెళ్తారా? పారెయ్యడానికి మాకు చేతులు రావండీ."

తొకియె గోడవైపు చూసింది. ఒళ్లు మండిపోయింది.

"ఎప్పుడైనా నా మాట విన్నావుటే?" అని పైకే అంది. అని, ఖాళీ మంచం మీద కూలబడి ఏడ్చింది.

పై వరసల్లో కొంగలన్నీ మెడలు నిక్కించుకునే ఉన్నాయి. మంచం మీద నుంచి చెయ్యి అందినంత మేర, ఒక్కొక్కదానికీ చిన్న ముక్కు ఉంది.