లుడ్వికా మార్చిన మాట

సెవెరిన్ ఇరవై ఆరేళ్లకే పోయాడు. పుట్టుకతోనే గుండె జబ్బు. అలాంటి గుండె ఉన్నవాడు సర్కారు మీద నోరు కాస్త అదుపులో పెట్టుకోవాలా వద్దా? పెట్టుకోలేదు. కాలేజీ నుంచి గెంటేశారు. బాయిలర్ గదిలో పనికి పెడితే అక్కడి గోడల మీద బొగ్గుతో కవితలు రాశాడు. వూజ్ నగరంలో అతని కవిత అచ్చువేసే ధైర్యం ఏ పత్రికకూ లేదు. అతనికున్న అచ్చాఫీసల్లా అక్క లుడ్వికా టైపు మిషనే.

ఆమె ట్రాము డిపోలో గుమాస్తా. సాయంత్రం ఇంటికొచ్చి, పక్కవాటాకి చప్పుడు వినపడకుండా మిషను కింద దుప్పటి మడిచి పెట్టుకునేది. పల్చటి కాగితాల మధ్య కార్బన్లు పెట్టి ఒకేసారి ఐదు ప్రతులు కొట్టేది. ప్రతి అందుకున్నవాళ్లు చదివి ఊరుకోకూడదు. ఇంకో ఐదు కొట్టి పంచాలి. అదీ అక్కడి కట్టుబాటు.

వాళ్ల నాన్న సమ్మెలో సైనికుల తూటాకి పోయాడు. ఆ సైనికుల్ని పంపిన పెద్దలకే ఏటా మే ఊరేగింపులో జనం చేత పూలు ఇప్పించేవారు. ఆ సంగతి మీద సెవెరిన్ ఇలా రాశాడు: ‘నాన్నను చంపిన చేతులకే మే నెలలో పూలు అందిస్తున్నాం.’ లుడ్వికాకి వేళ్లు ఆడలేదు. ‘నాన్నను చంపిన చలికే’ అని కొట్టింది. ప్రతులు ఊరు దాటాక గానీ తమ్ముడు చూడలేదు.

“ఇదేంటక్కా? నాన్న జలుబు చేసి పోయాడా?”

“నీ నోటిదూలకి నేను చస్తున్నాను. జైల్లో పడేస్తే ఆ గుండెతో రెండ్రోజులు కూడా ఉండవురా.”

“బయటుంటే మటుకు నూరేళ్లుంటానా?” నవ్వబోతే ఆయాసం వచ్చింది. “సర్లే. ఈసారికి పోనీ. మళ్లీ కొట్టేటప్పుడు నేను రాసిందే కొట్టు.”

“కొడతాలేరా.”

మళ్లీ కొట్టే లోపే సెప్టెంబరులో అతను పోయాడు. ఆస్పత్రి నుంచి వచ్చి కూర్చుందో లేదో, మెట్ల మీద బూట్ల చప్పుడు. పోలీసులు సోదాకి వచ్చారనుకుంది. తమ్ముడి చేతిరాత కాగితాలన్నీ పొయ్యిలో కుక్కింది. తలుపు తీస్తే పైఅంతస్తు ముసలాయన, టోపీ చేత్తో పట్టుకుని, పరామర్శకి వచ్చాడు.

నవంబరు మొదటి రోజు, పోయినవాళ్లని తలుచుకునే పండగ. ఊరంతా శ్మశానంలోనే ఉంది. ప్రతి సమాధి మీదా చేమంతులు, దీపాలు. లుడ్వికా వెళ్లేసరికి సెవెరిన్ దగ్గర పదిమంది కుర్రకారు నిలబడి ఉన్నారు. పక్క సమాధి దగ్గర దీపమూ పువ్వూ లేకుండా ఒకాయన. పోలీసుల మనిషని అందరికీ తెలుసు.

కింగా అనే అమ్మాయి నలిగిన కాగితం తీసింది. “మీరు ఆయన అక్కగారు కదండీ? ఆయన కవిత చదువుతున్నాం.”

అందరూ కలిసి చదివారు. ‘నాన్నను చంపిన చలికే...’

“ఈ చలి అన్న మాట దగ్గరే నాకు ఏడుపొస్తుందండీ. ఎంత మెత్తగా చెప్పారో!” అంది కింగా కళ్లు తుడుచుకుంటూ.

లుడ్వికా ఆ కాగితంలో చలి అన్న మాట వంక చూసింది. జన్మలో దేనికీ భయపడని తమ్ముడికి తన భయం అంటగట్టింది. అసలు మాట ఈ లోకంలో ఇప్పుడు తనొక్కతెకే తెలుసు. తను నోరు మూసుకుంటే వాడు ఎప్పటికీ మెత్తటి కవిగానే మిగిలిపోతాడు.

“చలి కాదమ్మా,” అంది.

“అదేంటండీ? నా దగ్గరున్న ప్రతిలో ఇలాగే ఉంది.”

“అన్నిట్లో ఇలాగే ఉంటుంది. మార్చింది నేనే. భయమేసి మార్చాను. వాడు రాసింది చేతులు. ‘నాన్నను చంపిన చేతులకే మే నెలలో పూలు అందిస్తున్నాం.’”

పక్క సమాధి దగ్గరి ఆయన జేబులోంచి నోటుపుస్తకం తీసి దగ్గరికి వచ్చాడు.

“ఏమన్నారు? మళ్లీ చెప్పండి.”

లుడ్వికా వంగి తమ్ముడి దీపం వెలిగించి, లేచి నిలబడి, మళ్లీ చెప్పింది. ఈసారి అవతలి వరసల వాళ్లకి కూడా వినపడేలా చెప్పింది.