రొంటిన చోటు దక్కని రివాల్వర్

నేను ఒక రివాల్వర్‌ని. పొట్టి గొట్టం, ఆరు తూటాలు పట్టే గుండ్రటి పొట్ట. ఉత్తరాదిన ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో పుట్టాను. నన్ను పరీక్షించిన ముసలి మేస్త్రీ వరసగా అరవైసార్లు పేల్చి, ఒక్కసారీ మొరాయించలేదని మెచ్చుకుని ముద్ర కొట్టాడు. తొమ్మిదేళ్లుగా కడపలో మస్తాన్ వలీ తుపాకుల కొట్లో, అద్దాల బీరువాలో పడి ఉన్నా ఆ పొగరు మాత్రం తగ్గలేదు.

నా పక్కన ఒక పిస్టల్ ఉండేది. అరచేతిలో ఇమిడేంత, పలకలా చదునుగా. దాన్ని చూస్తేనే నాకు ఒళ్లు మంట. వచ్చినవాళ్లంతా ముందు దాన్నే అడిగేవాళ్లు. వలీ కూడా ముందు దాన్ని తుడిచి, గుడ్డ మాసిపోయాక నా దగ్గరికి వచ్చేవాడు.

ఒకరోజు కన్యకమ్మ వచ్చింది. ప్రొద్దుటూరులో బంగారం కొట్టు ఆమెది. భర్త పోయాక తానే నడుపుతోంది. రోజూ పొద్దున్నే నగల సంచి పట్టుకుని ఇంటి నుంచి నడిచి వెళ్లి కొట్టు తెరుస్తుంది. హెల్మెట్లు పెట్టుకున్న దొంగలెవరో ఎదురు కొట్టాయన్ని పొడిచి సంచి లాక్కుపోయారట. ఆ భయంతోనే లైసెన్సు తెచ్చుకుంది.

"ఇది తీసుకోక్కా. నీళ్లలో ముంచి తీసినా పేలుతుంది" అని వలీ నన్నే ముందు పెట్టాడు. నా ఆనందం ఇంతా అంతా కాదు. కన్యకమ్మ తూటాలు వేయని నన్ను తాళంచెవులు దోపుకున్నట్టు రొంటిన దోపుకుని, పైన కొంగు కప్పి అద్దంలో చూసుకుంది.

"ఏంది భాయ్, నడుముకాడ గడ్డ లేసినట్టుంది. బజార్లో అందరూ ఆపరేషన్ చేయించుకోమంటారు."

తర్వాత పిస్టల్‌ని దోపుకుంది. ఉందో లేదో కూడా తెలియలేదు. అంతే, నా పొట్టే నా కొంప ముంచింది.

పిస్టల్ ఆమెతో వెళ్లిపోయాక కూడా నాకు మనశ్శాంతి లేదు. ఈపాటికి ఆమె నడుము వెచ్చదనంలో పడుకుని ఉంటుంది, పెళ్లిళ్లకు వెళ్తుంటుంది, ఆడవాళ్ల కబుర్లన్నీ వింటుంటుంది అని ఊహించుకుని కుళ్లిపోయేదాన్ని. దసరా వచ్చినప్పుడు మరీను. దానికి చందనం పూసి ఉంటారు, కుంకుమ పెట్టి ఉంటారు. నా మీద దుమ్ము తప్ప ఏముంది?

ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి. లైసెన్సు తుపాకులన్నీ అప్పగించాలని పోలీసులు చెప్పారు. స్టేషన్లో కాకుండా మా కొట్లో అప్పగించినా చెల్లుతుంది కాబట్టి కన్యకమ్మ వచ్చి పిస్టల్‌ని బల్ల మీద పెట్టింది. దాని వెనక సందు నిండా ఎర్రగా కుంకుమ. కడుపు రగిలిపోయింది నాకు.

వలీ తలపట్టుకున్నాడు. "సుత్తి పడే సందులో పెడ్తారా అక్కా బొట్టు? చందనం గట్టిపడి సుత్తి కదలకుండా పోయింది సూడు."

"ఆయుధపూజకు త్రాసుకు పెడితిమి, బీరువాకు పెడితిమి. దీనికెట్ల తక్కువ చేస్తాం?" అంది ఆమె. తర్వాత గొంతు తగ్గించింది. "మొన్న పొద్దున కొట్టు తాళం తీస్తాంటే ఎనక నుంచి ఎవురో సంచి పట్టుకున్యారు. తిరిగి సూస్తే హెల్మెట్టు. ఎదకు గురిపెట్టి నొక్కితి. పేల్లేదు. ఇంగోసారి నొక్కితి. పేల్లేదు."

నాకు గంతులేయాలనిపించింది. చూశారా, మీ ముద్దుల పిస్టల్ సంగతి!

"వాడు హెల్మెట్టు తీసి, వదినా నేను, అన్యాడు. మా మరిది చెన్నకేశవులు. సంచి జారిపోతాంటే బండి దిగొచ్చి పట్టుకున్యాడంట, భాయ్."

వలీ పిస్టల్ సందులోని కుంకుమను గోటితో గీకాడు. అయినా వ్యాపారి కదా, నన్ను బయటికి తీశాడు. "ఎలక్షన్లయినాంక దాని బదులు ఇది తీసుకుపో అక్కా. ఇది యానాడూ మొరాయించదు."

ఆమె నన్ను చేతుల్లోకి తీసుకుంది. తొమ్మిదేళ్లుగా ఎదురుచూసిన క్షణం అది. కానీ ఆమె వేలు నా ట్రిగ్గర్ దగ్గరికి రాలేదు.

"రెండుసార్లు నొక్కితి భాయ్. ఆ పొద్దు ఇది నా రొంటిన ఉండింటే మరిది పిల్లోళ్లకు నా మొగం ఎట్ల సూపించేదాన్ని?"

నన్ను బల్ల మీద పెట్టేసింది. పిస్టల్‌ని రెండు చేతులా ఎత్తి కళ్లకద్దుకుంది. ఇక తనకు ఏ తుపాకీ వద్దని, దాన్నీ అమ్మేయమని చెప్పి వెళ్లిపోయింది.

ఇప్పుడు అది మళ్లీ నా పక్కనే ఉంది. నేనే ఉండి ఉంటే చెన్నకేశవులు బతికేవాడు కాడు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. అయినా, ఆమె కళ్లకద్దుకున్నది దాన్ని కదా అని ఇప్పటికీ నాకు కడుపు మండుతూనే ఉంది.