ఫోనక్క గొంతు

పొద్దున్నే షట్టర్ ఎత్తగానే ఆ దుకాణంలో ఫోను మోగుతుంది. రెండోసారి మోగేలోపే "చెప్పండి, ఏం పాడైంది? కంగారుపడకండి, మేమున్నాం కదా" అని ఒక గొంతు పలుకుతుంది. ఆప్యాయమైన గొంతు, మాట చివర చిన్న నవ్వు. ఫ్రిజ్ చెడిపోయి, పాలు విరిగిపోయి చిరాకు మీదున్న ఇల్లాలు కూడా ఆ గొంతు వినేసరికి మెత్తబడుతుంది. ఎంత చక్కని మర్యాద అని మీరూ అనుకుంటారు. అయితే ఒక్కసారి ఆ ఫోను దగ్గరున్న కుర్చీ వైపు చూడండి. అందులో మనిషి లేదు. విడిభాగాల అట్టపెట్టెలున్నాయి.

ఆ గొంతు ఫోనక్కది. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు బాగుచేసే ఆ దుకాణం ఒక్క గదిలో మొదలైన నాటి నుంచి ఫోనెత్తింది ఆమే. అందుకే ఊరంతా ఆమెను ఆ పేరుతోనే పిలిచింది. యజమాని ఒకప్పుడు పనిముట్ల సంచీ భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగినవాడు. తన కింద పాతికమంది పనిచేస్తున్నా ఆయన ఇప్పటికీ అందరికీ పెద్ద మెకానిక్కే.

వ్యాపారం పెరిగాక ఆయన కృత్రిమ మేధతో నడిచే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టించాడు. అందులో తప్పేమీ లేదు. ఏ వీధికి ఏ మెకానిక్ దగ్గరో చూసి అదే పంపుతుంది. ఏ విడిభాగం అయిపోవస్తోందో ముందే చెబుతుంది. మెకానిక్కులకు మండుటెండలో ఊరి ఈ చివర నుంచి ఆ చివరికి పరుగులు తప్పాయి. నిజంగా మంచి పని. చెడంతా ఆ తర్వాత జరిగింది.

"ఫోను కూడా అదే ఎత్తుతుంది సార్," అన్నాడు సాఫ్ట్‌వేర్ అమ్మినతను. "జనానికి అలవాటైన గొంతు పెట్టామంటే ఇంకా బాగుంటుంది."

పెద్ద మెకానిక్ ఫోనక్కను పిలిచి, "రద్దీగా ఉన్నప్పుడు నీకు సాయంగా ఉంటుందమ్మా, మనం ఫోన్లో చెప్పే మాటలు నీ గొంతుతో కాస్త చదివిపెట్టు" అన్నాడు. ఆమె సంబరపడిపోయింది. వారం పాటు మైకు ముందు కూర్చుని గొంతు పోయేలా చదివింది. కోపంగా ఉన్నవాళ్లతో ఎలా మాట్లాడాలో, పెద్దవాళ్లకు ఎంత నెమ్మదిగా చెప్పాలో పలికి చూపించింది. ఆ పని ముగిశాక ఆయన ఆమె మొహం చూడకుండా, "కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండమ్మా, నేను కబురు చేస్తా" అన్నాడు. ఆ కబురు వెళ్లనే లేదు.

"ఆవిడకి ఉన్న మాట చెప్పారా?" అని భార్య అడిగినప్పుడల్లా "చెప్తాలే" అంటూ కంచంలోకి తల దించుకునేవాడు. దుకాణంలో ఆ గొంతు వినిపించిన ప్రతిసారీ గుండెల్లో ముల్లు కలుక్కుమనేది. అయినా దాన్ని ఆపించలేదు. వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉంటే ముల్లును ఎవరు పట్టించుకుంటారు?

ఒక మధ్యాహ్నం ఫోనక్కే వచ్చింది. మనిషి సగమైపోయింది. ఆయన గాభరాగా లేచి కుర్చీలో పెట్టెలు దించబోతే, "వద్దు సార్, నిలబడే చెప్తా. నేనిక్కడ పనిచేయట్లేదని ఒక కాగితం రాసివ్వండి" అంది.

"అదేంటమ్మా? పనిచేసినట్టు కదా ఎవరైనా రాయించుకునేది!"

"పరుపుల షోరూంలో ఫోనెత్తడానికి మనిషి కావాలంటే వెళ్లా సార్. 'పొద్దునే కదమ్మా మా ఫ్రిజ్ సంగతి నీతో మాట్లాడాను! అక్కడ చేస్తూనే ఇక్కడికీ వస్తావా?' అన్నాడాయన. నేను అక్కడ లేనంటే నవ్వేశాడు. మందుల షాపులోనూ అదే మాట. ఆస్పత్రి కౌంటర్లో అయితే అబద్ధాలకోరుని చూసినట్టు చూశారు. నాకొచ్చింది ఈ పనొక్కటే. ఎక్కడికెళ్లినా నాకన్నా ముందు నా గొంతే వెళ్లి అడ్డం నిలబడుతోంది."

పెద్ద మెకానిక్కుకు తల కొట్టేసినట్టయింది. గబగబా కాగితం అందుకున్నాడు. అంతలో ఫోను మోగింది. కంప్యూటరు ఎలా జవాబిస్తోందో వినడానికి ఆయనే స్పీకరు పెట్టించుకున్నాడు. ఫోనక్క చెయ్యి అలవాటు కొద్దీ ముందుకు సాగి ఆగిపోయింది. ఆమె గొంతే స్పీకర్లోంచి పలికింది.

అవతల ఎవరో పెద్దావిడ. మెషీను తిరగడం లేదని చెప్పాక, "అది సరేగానీ అమ్మాయ్, మీ అమ్మకి ఎలా ఉంది? ఒంట్లో బాగోలేదన్నావుగా" అని అడిగింది.

"అంతా బాగుందండీ. అడిగినందుకు సంతోషం," అంది ఆ గొంతు. చివర చిన్నగా నవ్వింది కూడా.

ఫోనక్క స్పీకరు వైపు చూసింది. "అమ్మ పోయింది సార్," అంది. "పోయిన నెల."

ఆ జవాబు ఎక్కడిదో ఆయనకు తెలుసు. సొంత విషయాలు అడిగితే ఏం చెప్పించమంటారని సాఫ్ట్‌వేర్ అతను అడిగిన రోజు, "అంతా బాగుందని చెప్పించెయ్యవయ్యా, గొడవుండదు" అన్నది తనే. టీ తాగుతూ, తేలిగ్గా అనేసిన మాట.

గబుక్కున ఫోనెత్తాడు. "పెద్దమ్మా, నేను యజమానిని. మీతో మాట్లాడింది మనిషి కాదు, కంప్యూటరు. ఆ అమ్మాయి వాళ్లమ్మ పోయారు."

"అయ్యో! మరి నేనిన్నాళ్లూ నా కష్టసుఖాలు ఎవరితో చెప్పుకున్నట్టయ్యా?" అంది పెద్దావిడ.

పెద్ద మెకానిక్ ఫోను పెట్టేసి, 'ఈమె మా దగ్గర పని మానేసింది' అని రాసిచ్చాడు. ఫోనక్క చదివి వెనక్కిచ్చేసింది.

"నేను మానలేదు సార్, మీరు మాన్పించారు. మరి ఆ గొంతెవరిదని అడిగితే ఏం చెప్పను?"

ఇంకో కాగితం తీశాడు. 'మా ఫోనులో వినిపించేది ఈమె గొంతే. సాయానికని చెప్పి తీసుకున్నాను. తర్వాత ఈమెను పంపేసి, అడగకుండా వాడుకున్నాను. తప్పు నాది' అని రాసి సంతకం పెట్టాడు. ఆమె ఎదుటే సాఫ్ట్‌వేర్ అతనికి ఫోన్ చేసి, ఆ గొంతును అప్పటికప్పుడే తీసెయ్యమన్నాడు.

"మళ్లీ వచ్చెయ్యమ్మా," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఆ కంప్యూటర్ని ఇవాళే పీకి పారేయిస్తా."

"దాన్నెందుకు సార్ అనడం? మెకానిక్కుల తిరుగుడు తగ్గించింది కదా, ఉండనివ్వండి. నేను రావాలో వద్దో ఆలోచించుకుని చెప్తాను." ఆమె కాగితం జాగ్రత్తగా మడిచి దాచుకుని, గుమ్మం దగ్గర ఆగింది. "కంప్యూటరు మీరు నేర్పిందే చేస్తుంది సార్. కానీ మనిషి దగ్గర ఏదైనా తీసుకునేటప్పుడు ఉన్నదున్నట్టు చెప్పి, ఒప్పుకున్నాకే తీసుకోవాలి. ఆ పని మాత్రం మీరే చెయ్యాలి."