మధ్య పెడల్

"మా కోడలు పియానో వాయిస్తే పక్కింటి దాకా ఎందుకు, పక్క గదిలోకి కూడా వినపడదు. అంత నెమ్మది!"

వచ్చిన చుట్టాలతో అత్తగారు ఈ మాట అంటున్నప్పుడు ఆమె వంటింట్లో కాఫీ కప్పులు కడుగుతోంది. అది పొగడ్తో చురకో ఇన్నేళ్ళలోనూ ఆమెకి తేలలేదు. ఇవాళ తేల్చుకునే తీరికా లేదు. మధ్యాహ్నం సంగీత పాఠశాలలో ఆమెకి పరీక్ష.

అక్కడ ఆమె ఉద్యోగం పాడేవాళ్ళ వెనక పియానో వాయించడం. చప్పట్లు వాళ్ళకి, "కాస్త తగ్గించండి" అన్న సలహా ఈమెకి. వార్షిక కచేరీలో ఒక్కరే వాయించాల్సిన పెద్ద మాస్టారు మెట్ల మీద జారి మణికట్టు బెణికించుకోవడంతో నిన్న ప్రిన్సిపాల్ గారి చూపు ఈమె మీద పడింది.

"పందొమ్మిదో శతాబ్దపు రొమాంటిక్ ధోరణి రచన ఏదైనా వచ్చా మీకు?"

"ఒకటి వచ్చండీ."

"రేపు వినిపించండి. బాగుంటే కచేరీ మీదే. లేదంటే..."

లేదంటే మళ్ళీ వెనకే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఇంట్లో పియానోకి మూడు పెడళ్ళు. మధ్యది తొక్కి పక్కకి జరిపితే సుత్తులకీ తీగలకీ మధ్య మందపాటి గుడ్డ దిగుతుంది. ఎంత గట్టిగా కొట్టినా గుసగుసే. అత్తగారి కునుకు, మామగారి వార్తలు, భర్త ఫోన్లు. కాపరానికొచ్చిన మర్నాటి నుంచీ ఆ గుడ్డ దిగే ఉంది. "ఎంచక్కా సర్దుకుపోతావోయ్ నువ్వు," అంటాడాయన ముద్దుగా.

పాఠశాల కచేరీ హాల్లోని పెద్ద పియానో ముందు ఆమె ఎప్పుడూ కూర్చోలేదు; పాడేవాళ్ళ వెనక వాయించేది తరగతి గదిలోని చిన్నది, ఇంట్లోలాంటిదే. కాలు తనంతట తనే మధ్య పెడల్ మీదకి పోయింది. తొక్కి పక్కకి నెట్టింది. జరగలేదు. ఈ రకం పియానోలో ఆ పెడల్ పనే వేరని ఆమెకెవరు చెప్పారు? అలవాటు చొప్పున, గుడ్డ చాటు నుంచి వినపడాలంటే ఎంత బలంగా కొట్టాలో అంత బలంగానే కొట్టింది.

హాలు దద్దరిల్లింది.

ఉలిక్కిపడి తలుపు వైపు చూసింది, ఎవరి నిద్ర చెడిందోనని. ఎవరూ రాలేదు. వేళ్ళు మాత్రం ఆగలేదు. ఇది దిగులు పాట అని కదా ఇన్నాళ్ళూ అనుకుంది? మరి అణకువగా తోడు నడిచే ఎడమ చెయ్యి ఇలా జగడానికి దిగిందేమిటి? బతిమాలుతోందనుకున్న కుడి చెయ్యి నిలదీస్తోందేమిటి? ఒకచోట స్వరం తప్పు పడింది. ఇప్పుడు పడిందా, ఏళ్ళ తరబడి పడుతూనే ఉందా? ఈ గొంతు తనదా, ఈ పియానోదా? తనదైతే ఇంట్లో రోజూ వాయించింది ఎవరు? ఏడుపొస్తోందో నవ్వొస్తోందో తెలీడం లేదు. ఆపెయ్యాలనిపించింది. ఆపబుద్ధి కాలేదు.

చివరి స్వరం సద్దుమణిగాక ముందు వరసలో కూర్చుని వింటున్న ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీశారు.

"రెండుచోట్ల తప్పులున్నాయి, దిద్దుకోవచ్చు. కానీ ఇంత ధ్వని ఎక్కడ దాచారమ్మా?"

"నాకూ తెలీదండీ."

తీసుకెళ్దామని వచ్చిన భర్త గుమ్మంలో నిలబడిపోయి ఉన్నాడు.

"ఏమైంది నీకు? ఎవరి మీద కోపం?" నిజంగానే కంగారుపడ్డాడు.

కోపమా? ఆమె ఆలోచించింది.

"ఇంట్లోలాగా మెత్తగా వాయించు. అదే నీకందం," అన్నాడు.

"మరి కచేరీకి మీ పేరు వేయించనా?" ప్రిన్సిపాల్ గారు ఆమెనే అడిగారు.

"రేపు చెబుతుందండీ," భర్త జవాబిచ్చేశాడు. "ఇంట్లో ఓ మాట అనుకుని..."

"వేయించండి," అంది ఆమె. "ఎలా వాయిస్తానో మాత్రం నాకింకా తెలీదు. తెలిసేదాకా రోజూ సాయంత్రం ఈ హాలు నాకు కావాలి."

"అదేమిటి? ఇంట్లో చుట్టాలున్నారు, వంట..."

"మీరు పదండి," అంటూ ఆమె మళ్ళీ పియానో వైపు తిరిగింది. "వెళ్తూ ఆ తలుపు మాత్రం మూయకండి."