గంగాళం ఇప్పుడు ఏం చేస్తున్నది

నేతవాడ సంఘం వంటసామాన్ల గది తాళపుచెవి ఎప్పుడూ బాలమల్లు మొలతాడుకే వేలాడుతూ ఉంటుంది. పెళ్ళైనా, పురుడైనా, దినాలైనా, ఆ వాడలో నలుగురికి వండి పెట్టాలంటే ఆ గది తెరుచుకోవాల్సిందే. నలభై ఏళ్ళు సాంచాల మీద బట్ట నేసి నేసి, మోకాళ్ళు అరిగాక ఇంట్లో కూలబడ్డ మనిషికి సంఘం అప్పగించిన పని అది. జీతం లేదు, భత్యం లేదు. కానీ పొద్దున్నే లేచి కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్ళడానికి ఒక చోటుంది. ఆ తాళపుచెవి పోయిందంటే తాత మంచం పడతాడని మనవరాలు సృజన భయం.

సరిగ్గా దాని మీదే సంఘం అధ్యక్షుడు పర్శరాములు కన్ను పడింది. దాన్ని తన బామ్మర్దికి ఇప్పించుకోవాలని ఆయన ఆరాటం. ఊరికే గుంజుకుంటే జనం నవ్వుతారు కదా, అందుకని ఒక ఉపాయం పన్నాడు. సృజన కరీంనగర్‌లో ఇంట్లోనే కూర్చుని హైదరాబాద్ కంపెనీకి ప్రోగ్రాములు రాస్తుంది. ఆ పిల్లనే పిలిచి, సామాన్లన్నీ కంప్యూటర్లో ఎక్కించమన్నాడు. ఆదివారం సంఘం కూర్చుంటుంది, సంఘ భవనంలో ప్రొజెక్టరుతో గోడ మీద అందరికీ చూపించాలన్నాడు. ఐదు గళ్ళు గీసిన కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. నంబరు, పేరు, లోహం, బరువు, ఆఖరున ‘ఉంది’ లేదా ‘లేదు’. ఎవరు తీసుకెళ్ళారన్న గడి మాత్రం అందులో లేదు. ‘లేదు’ అని తేలిన ప్రతి వస్తువూ ఎవరి మెడకు చుట్టుకుంటుందో వేరే చెప్పాలా?

సృజన ఆ కాగితం పట్టుకుని తాత ముందు కూర్చుంది. తాత గళ్ళలో ఇమిడే మనిషా? ఒక బగోన గిన్నె గురించి అడిగితే అది ఎవరి పెళ్ళిలో మొదటిసారి పొయ్యెక్కింది, మూతకు సొట్ట ఎలా పడింది, ఆ సొట్ట గురించి ఎవరెవరు మాట మాట అనుకున్నారు, అన్నీ చెబుతాడు. జల్లిగంటెకు మూడు మాటలైతే బిందెకు ముప్పై. పైగా ప్రతిదాని చివరా తానే ఒక ప్రశ్న వేసి తానే జవాబిస్తాడు, అది ఇప్పుడు ఏం జేస్తున్నదీ అని. ఒక బిందె ఫలానా వాళ్ళింట్లో బియ్యం దాస్తున్నదట, ఒక మూత ఎవరిదో కోళ్ళ గూటికి తలుపైందట.

రెండు రోజులు సృజన తల పట్టుకుంది. తాత మీద విసుక్కుంది కూడా. మూడో రోజు ఆమెకే నవ్వొచ్చింది. ఇలాంటి మనుషుల కోసమే కదా డాక్యుమెంట్ డేటాబేస్ అనేది ఉన్నది! అందులో ముందే గళ్ళు గీసి పెట్టుకోనక్కర్లేదు. ఒక్కో వస్తువుకూ ఒక్కో పత్రం, అందులో ఎన్ని సంగతులైనా రాసుకోవచ్చు. ఒకదానికున్న సంగతి ఇంకోదానికి లేకపోయినా అడిగేవాళ్ళు లేరు.

అయితే ప్రోగ్రాము తనంతట తాను డేటాబేస్‌తో మాట్లాడలేదు. మధ్యలో డ్రైవర్ అనే లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాము, కావాలి. సృజన దాన్ని నెట్ నుంచి దించుకుని, ప్రోగ్రాములో కలిపి, డేటాబేస్ చిరునామా, పాస్‌వర్డ్ ఒకే వరుసలో రాసింది. పక్కన కూర్చున్న తాత అదేమిటని ఆరా తీశాడు. పెళ్ళి సంబంధానికి మధ్యవర్తి లాంటిదని, ఇక్కడి మాట అక్కడా అక్కడి మాట ఇక్కడా చేరవేస్తుందని ఆమె చెప్పింది.

“మరి పెద్దోళ్ల ఇంటికి పొమ్మంటే ఎనుకకు జంకదా?”

“దానికి చిరునామా ఉంటే చాలు తాతా. భయం లేదు, మొహమాటం లేదు.”

బాలమల్లు మీసాల చాటున నవ్వుకున్నాడు. తాను అప్పటిదాకా మాట దాటేస్తూ వచ్చిన పెద్ద ఇత్తడి గంగాళం గురించి అప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు.

శనివారం పర్శరాములు చూసిపోదామని వచ్చాడు. మొదటి రెండు మూడు పత్రాలు చదివేసరికే ఆయన మొహం మాడిపోయింది. కోళ్ళ గూళ్ళ ముచ్చట్లు సంఘానికెందుకు, నేనిచ్చిన ఐదు గళ్ళే చూపించు అని గట్టిగా చెప్పి పోయాడు. అధ్యక్షుడి మాట కాదంటే బాగుండదని సృజన ఆయన కాగితం ప్రకారం ఇంకో డేటాబేస్ తయారుచేసింది. ఇప్పుడు ప్రోగ్రాములో రెండు చిరునామాలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. వరుస ముందు ఒక చిన్న గుర్తు పెడితే ప్రోగ్రాము ఆ వరుసను చదవకుండా దాటేస్తుంది. సృజన ఆ గుర్తును తాత చెప్పిన సంగతులున్న పై వరుస ముందు పెట్టి, మనసు చివుక్కుమంటుంటే లాప్‌టాప్ మూసేసింది.

ఆదివారం భవనం కిక్కిరిసింది. సృజన తన ఫోన్ నెట్‌కు లాప్‌టాప్ కలిపి ప్రోగ్రాము నడిపిస్తే, డ్రైవర్ అర నిమిషం ఎదురుచూసి వట్టి చేతులతో తిరిగొచ్చింది. ఆమెకు వెంటనే తట్టింది. తను అనుమతి ఇచ్చిన చోట్ల నుంచి వస్తేనే డేటాబేస్ తలుపు తీస్తుంది, ఇంటి నెట్‌కు అనుమతి ఉంది గానీ ఫోన్‌కు ఇవ్వలేదు. ముఖం తెలియని వాళ్ళకు నేను కూడా తాళం తీయనని తాత మెచ్చుకోలుగా తలూపాడు. ఆమె ఫోన్ చిరునామాను జాబితాలో చేరుస్తుండగా పర్శరాములు లేచి మైకు అందుకున్నాడు.

“బాలమల్లన్న మంచోడే, నేను కాదంటలేను. గాని మతి తప్పింది. మన్మరాలి పేరే యాదికుంటలేదు, ఇగ గంగాళం యాడికి పోయిందో ఏం జెప్తడు?”

జనం గొల్లున నవ్వారు. తాత తల దించుకుని మొలతాడు దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. సృజన అది చూసింది. ప్రోగ్రాము తెరిచి, ఆ చిన్న గుర్తును పై వరుస నుంచి తీసి, ఐదు గళ్ళున్న కింది వరుస ముందు పెట్టింది. అంతే, ఇంకేమీ ముట్టుకోలేదు.

గోడ మీద ‘లేదు’ అని పడుతుందన్న ధీమాతో, ముందు గంగాళమే చూపించమని పర్శరాములు హుకుం జారీ చేశాడు. ఆమె పేరు కొట్టింది. డ్రైవర్ ఈసారి చెప్పిన ఇంటికి చక్కగా పోయి, అక్కడున్నది ఉన్నట్టుగా తెచ్చి గోడ మీద పరిచింది.

పేరు: పెద్ద గంగాళం, ఇత్తడిది.
గుర్తు: ఒక చెవి ఇరిగితే నేనే సాంచె కమ్మితోని కట్టిన.
తీసుకపోయింది: పర్శరాములు, బిడ్డ ఓణీల పండుగకు, నాలుగేండ్ల కింద.
ఇప్పుడు ఏం జేస్తున్నది: ఆకుపచ్చ రంగు ఏసుకొని వాళ్ల బంగ్లా మీద కల్యమాకు పెంచుతున్నది.

పర్శరాములు ఇల్లు భవనానికి సరిగ్గా ఎదురుగానే ఉంది. హాలులోని తలలన్నీ కిటికీ వైపు తిరిగాయి. మేడ మీద పిట్టగోడ పక్కన ఆకుపచ్చ గంగాళం, అందులో మనిషెత్తు కరివేపాకు చెట్టు, చెవికి చుట్టిన కమ్మి ఎండకు తళతళ మెరుస్తోంది. నాలుగేళ్ళుగా వాడలో సగం ఇళ్ళ పోపుల్లో పడేది ఆ ఆకే. చెట్టును చూశారు గానీ కుండీని ఎవరూ చూడలేదు. పర్శరాములు భార్య అనసూర్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో సిగ్గుకో తెలియలేదు.

పర్శరాములు మిషన్ తప్పు చెప్పి ఉంటుందని నసిగాడు.

బాలమల్లు మెల్లగా లేచి నిలబడ్డాడు. ఎంత మర్యాదగానో మాట్లాడాడు.

“గట్లనే అయ్యుంటది పర్శరాములు. జర ఇంకోటి సూపియ్యి బిడ్డా. దాన్ని గూడ తప్పు జెప్తదో, నిజం జెప్తదో అందరం సూద్దాం.”

సృజన వేలు మీట మీద పెట్టి జనం వైపు చూసింది. ముందుగా కిరాణా రాజం లేచాడు, ఎండ ముదురుతోంది, ఇక ఇవన్నీ ఎందుకు, తాళపుచెవి బాలమల్లన్న దగ్గరే ఉండనీ అన్నాడు. వెనక నుంచి కిష్టవ్వ ఔనౌనంది. ఆ వెంటనే ఇంకో పదిమంది, ఆపైన అందరూ. ఆ సంఘంలో ఏ సంగతీ అంత తొందరగా, అంత ఏకగ్రీవంగా తేలింది లేదు. పర్శరాములు కూడా చెయ్యెత్తాడు.

అందరూ వెళ్ళిపోయాక సృజన ఆ మీట నొక్కి చూసింది. వచ్చింది ఒక మామూలు జల్లిగంటె పత్రం. ఇప్పుడు ఏం జేస్తున్నది: గదిలోనే మేకుకు ఏలాడుతున్నది.

సోమవారం పొద్దున తాతా మనవరాలు వెళ్ళేసరికి గది ముందు అడుగు పెట్టే సందు లేదు. మట్టితో చెట్టుతో సహా గంగాళం వచ్చింది. పత్రాల్లో ఉన్న బిందె, మూత వచ్చాయి. వాటి పక్కన ఇంకా రెండు బగోనలు, ఐదు గంటెలు, ఒక కడాయి, ఒక పెద్ద తాంబాళం ఉన్నాయి. సృజన ఫోన్‌లో వెతికింది, మళ్ళీ వెతికింది. వాటికి పత్రాలే లేవు. తాత ఈ కొలువులోకి రాకముందే ఎప్పుడో మాయమైన సామాన్లవి. అవి పోయిన సంగతే ఆయనకు తెలియదు.

బాలమల్లు గడప మీద కూర్చుని తాంబాళాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. కండువాతో దుమ్ము తుడిచి, అంచున చెక్కిన సంఘం పేరు వేలితో తడిమి చూసుకున్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి గానీ మీసాలు మాత్రం నవ్వుతున్నాయి.

“కొత్త కాగితం తియ్యి బిడ్డా,” అన్నాడు. “పెద్ద తాంబాళం. తీసుకపోయింది ఎవరో తెల్వదు. ఇప్పుడు ఏం జేస్తున్నదంటే... సిగ్గువడి ఇంటికొచ్చింది అని రాయి.”